బుడమేరు వరదలో నిలిచిన కారు: యాభై దాటగానే చక్రాల దగ్గర హోరు, కారణం ఎలా తేల్చాలి?

సింగ్‌నగర్ వాసి:

అందరికీ నమస్కారం. మాది ముందు చక్రాలతో నడిచే చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్క్ బ్రేకులు, వెనుక డ్రమ్ములు, టైర్లు 185/65 ఆర్15. కొద్ది వారాలుగా వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటగానే కింది నుంచి హోరు మొదలవుతోంది. 80 దగ్గరికి వచ్చేసరికి పక్క సీటులో ఉన్నవారితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తోంది. స్టీరింగు వణకదు, బ్రేకు వేసినప్పుడు బండి ఏ పక్కకూ లాగదు. ఇది చాలదన్నట్టు, వీధిలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వెనుక వైపు నుంచి ‘టక్, టక్’ అని వరుస తప్పకుండా వినిపిస్తోంది.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే, జాకీ మీద లేపి చూడకుండానే నాలుగు టైర్లూ మార్చాలన్నారు. టైరు పక్కగోడ మీది చివరి నాలుగంకెలు 2322, అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైనవి. గాడుల లోతు ఇంకా బాగానే ఉంది. మరొకచోట, ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల చివర ఉండే కీళ్ళు, అంటే సి.వి. జాయింట్లు పోయాయన్నారు. ఈ రెండు మాటలకూ పొంతన లేదు కాబట్టి, ఏ భాగానికైనా డబ్బు పెట్టకముందే శబ్దం ఎక్కడిదో ఇంటి దగ్గర ఎంతవరకు తేల్చుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరా?

ఆటోనగర్ మేస్త్రి:

సి.వి. జాయింట్ సంగతి ముందు పక్కన పెట్టేద్దామండీ. బయటి జాయింట్ పోతే స్టీరింగు పూర్తిగా తిప్పి బండి కదిలించినప్పుడు ‘కటకట’మంటుంది, నేరుగా పోతున్న బండిలో వేగంతో పాటు పెరిగే హోరు సాధారణంగా దాని లక్షణం కాదు. అలాగే వరుసగా కొట్టే ‘టక్ టక్’నూ, వేగంతో పెరిగే హోరునూ ఒకే జబ్బుగా అనుకోకండి. రెండింటికీ కారణాలు వేరు కావచ్చు. చాలా బండ్లలో మరమ్మతు దారి తప్పేది రెండు శబ్దాలను ఒకటిగా కలిపేసుకున్నప్పుడే.

మీరు గమనించి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. హోరు వినిపిస్తున్న వేగంలోనే ఇంజను నడుస్తుండగా గేరు న్యూట్రల్ చేసి, బండిని దానంతటదే కాసేపు పోనివ్వండి. ఇంజను మాత్రం ఆపకండి, ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ అందే సాయం పోతుంది. ఇంజను చప్పుడు దిగిపోయినా హోరు అలాగే ఉంటే అది చక్రాలతో పాటు తిరిగే వాటిలో ఏదో ఒకదానిది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలాగా, వదిలినప్పుడు మరొకలాగా ఉంటే గేరుబాక్సు లోపల ఉండి రెండు ముందు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను కూడా అనుమానించాలి. ఖాళీగా ఉన్న రోడ్డు మీద స్టీరింగును మెల్లగా కుడికీ ఎడమకూ ఆడిస్తే హోరు ఎటు పెరుగుతోంది, ఎటు తగ్గుతోంది? ఇంకొక మాట. సింగ్‌నగర్ అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడకు వరద వచ్చినప్పుడు ఈ బండి ఎక్కడ ఉంది?

పటమట ప్రయాణికురాలు:

మా కారుకు ఒకసారి ముందు చక్రం దగ్గర ఇనుము మీద ఇనుము గీసినట్టు భయంకరమైన శబ్దం వచ్చింది. డిస్క్ వెనుక ఉండే పల్చని రేకుకూ డిస్క్‌కూ మధ్య చిన్న కంకర ఇరుక్కుందని చక్రం విప్పాక తెలిసింది. రాయి తీసి, కాస్త లోపలికి వంగిన రేకును సరిచేయగానే శబ్దం పోయింది. మీరు చెబుతున్నది గీరుడు కాదు, హోరు కాబట్టి ఇది అదే అని నేను అనను. అయినా చక్రం విప్పినప్పుడు ఆ రేకును కూడా చూడమనండి, అందుకు పైసా ఖర్చు లేదు.

మంగళగిరి లెక్చరర్:

మేస్త్రిగారు అడిగినవాటికి తోడుగా చిన్న లెక్క ఒకటి చెబుతాను, ఇది శబ్దాలను వేరు చేయడానికి నిజంగా పనికొస్తుంది. మీ టైరు కొలతను బట్టి చక్రం వ్యాసం దాదాపు 62 సెంటీమీటర్లు, చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 5.5 మీటర్లకు కొంచెం ఎక్కువ దూరం పోతుంది కాబట్టి చక్రం సెకనుకు మూడు సార్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. వీధిలో వినిపించే ‘టక్’ను అదే వేగంలో పది సెకన్లపాటు లెక్కపెట్టండి. ఇరవై ఎనిమిదికి అటూ ఇటూగా వస్తే అది చక్రం ఒక చుట్టుకు ఒకసారి తగులుతున్న వస్తువు: టైరులో గుచ్చుకున్న మేకు, గాడిలో ఇరికిన రాయి, ఒకచోట ఉబ్బిన టైరు, అలాంటిది.

హోరు సంగతి వేరు. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. చక్రం తేలిగ్గా తిరగడానికి రెండు రింగుల మధ్య గుండ్లతో ఉండే బేరింగులో ఒక వరుసకు పదమూడు గుండ్లు ఉన్నాయనుకుంటే, బయటి రింగు మీద ఒక గుంట పడినప్పుడు సెకనుకు సుమారు 44 సార్లు, లోపలి రింగు మీద పడితే సుమారు 67 సార్లు గుండ్లు దాన్ని తగులుతూ పోతాయి. అందుకే బేరింగు మోత మంద్ర స్థాయిలో, ఛాతీకి తగిలేలా ఉంటుంది. టైరు ట్రెడ్ (నేలను తాకే భాగం) దిమ్మెలు చుట్టూ అరవైకి పైగా ఉంటాయి కాబట్టి వాటి శబ్దం సెకనుకు ఐదు వందలు దాటిన కంపనాలతో, అంతకంటే పై స్థాయిలో వినిపిస్తుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలు; మీ బేరింగులో గుండ్లెన్నో విప్పితే గానీ తెలియదు. టైరు ఎగుడుదిగుడుగా అరిగినప్పుడు ఈ తేడా చెరిగిపోతుంది కూడా, కనుక చెవి ఒక్కదాన్నే నమ్మి తీర్పు ఇవ్వకండి.

అరండల్‌పేట అలైన్‌మెంట్:

లెక్చరర్ గారి చివరి వాక్యాన్నే నేను పట్టుకుంటున్నాను. మా దగ్గరికి ‘బేరింగు పోయింది’ అని వచ్చే బండ్లలో కొన్నింటికి బేరింగు చక్కగా ఉంటుంది, టైరు రంపపు పళ్ళలా అరిగి ఉంటుంది. కంటికి ఇది కనిపించదు, చేతికి తెలుస్తుంది. బండి ఆపి, టైరు చల్లబడ్డాక, అరచేతిని ట్రెడ్ మీద ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనుక నుంచి ముందుకు మరొకసారి జరపండి. ఒక దిశలో నున్నగా జారి, మరో దిశలో దిమ్మెల అంచులు వేళ్ళకు తట్టుకుంటే అదే రంపపు అరుగుదల. మేకులు, తీగముక్కలు ఉంటాయి కాబట్టి మెల్లగా జరపండి. వెనుక టైర్ల లోపలి అంచును తప్పకుండా చూడాలి. ముందు చక్రాలతో నడిచే బండ్లలో వెనుక టైర్ల మీద బరువు తక్కువ, ఎవరూ వాటిని తడిమి చూడరు, అక్కడే ఈ అరుగుదల పెరుగుతుంది.

రోడ్డు మారినప్పుడు శబ్దం మారుతోందా అన్నది కూడా చూడండి. టైరు శబ్దమైతే గరుకు తారు మీద ఒకలాగా, కొత్తగా వేసిన నున్నని తారు మీద మరొకలాగా, సిమెంటు రోడ్డు మీద ఇంకొకలాగా ఉంటుంది. బేరింగు శబ్దం రోడ్డును పట్టించుకోదు. నున్నని రోడ్డు మీద మిగతా చప్పుళ్ళు తగ్గుతాయి కాబట్టి అది ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

సింగ్‌నగర్ వాసి:

మీరందరూ చెప్పినట్టు చేసి చూశాను. ముందు ‘టక్ టక్’ సంగతి: లెక్క సరిగ్గా కుదిరింది. ఎడమ వెనుక టైరు గాడిలో కోణంగా ఉన్న కంకర రాయి ఒకటి లోతుగా దిగి ఉంది. స్క్రూడ్రైవరుతో తీసి, ఆ చోట సబ్బునీళ్ళు పోసి చూస్తే బుడగలు రాలేదు. ఆ శబ్దం పూర్తిగా పోయింది, హోరు మాత్రం పోలేదు.

గుంటూరు వెళ్ళవలసిన పని ఉండడంతో కృష్ణానది మీది వారధి దాటాక మంగళగిరి మీదుగా కాజా వరకు జాగ్రత్తగా విన్నాను. న్యూట్రల్ చేసినా హోరు తగ్గలేదు. యాక్సిలరేటర్ తొక్కినా, వదిలినా తేడా లేదు. సర్వీసు రోడ్డు గరుకు మీదా, హైవే నున్నదనం మీదా శబ్దం ఒకటే. ఎడమకు మెల్లగా తిప్పితే పెరుగుతోంది, కుడికి తిప్పితే దాదాపు మాయమవుతోంది. టైర్లు నాలుగూ తడిమాను. వెనుక రెండింటి లోపలి అంచుల్లో కొంచెం తట్టుకున్నట్టు ఉంది, ముందువి రెండు దిశల్లోనూ ఒకేలా ఉన్నాయి.

మేస్త్రిగారు అడిగిన వరద విషయం. బుడమేరు నీళ్ళు వచ్చిన రోజు బండి ఇంటి ముందే ఉంది, కదిలించే వీలు లేకపోయింది. డోరు అడుగు పట్టీ దాకా నీళ్ళు వచ్చాయి, చక్రాలు రోజుల తరబడి ఆ నీళ్ళలోనే ఉన్నాయి. తరువాత వర్క్‌షాపులో ఇంజను ఆయిలు, గేరు ఆయిలు మార్చి, బ్రేకులు శుభ్రం చేసి, లోపలి కార్పెట్లు తీసి ఆరబెట్టి ఇచ్చారు. బేరింగుల మాట అప్పుడు ఎవరూ ఎత్తలేదు.

కాజా టోల్ డ్రైవర్:

అన్నా, ఎడమకు తిప్పితే పెరుగుతోందంటే బరువు కుడి వైపు పడుతోందని అర్థం, కాబట్టి కుడి బేరింగు అని వెంటనే చెప్పేస్తారు. తొందరపడవద్దు. నేను నడిపే టాక్సీకి ఇలాగే అనుకుని ఒక వైపు బేరింగు మార్పిస్తే శబ్దం అలాగే ఉంది, చివరికి రెండో వైపుది పోయిందని తేలింది. కొండవీడు ఘాట్ రోడ్డు లాంటి చోట మలుపులు పొడుగ్గా ఉంటాయి, బరువు ఒక పక్కన కొంతసేపు నిలుస్తుంది. అక్కడ తక్కువ వేగంలో వింటే ఎటు పెరుగుతోందో ఇంకా బాగా తెలుస్తుంది. హైవే మీద స్టీరింగు ఆడించడం మాత్రం దయచేసి మళ్ళీ చేయకండి, వెనుక వచ్చే లారీకి మీ ఉద్దేశం తెలియదు.

ఆటోనగర్ మేస్త్రి:

డ్రైవరన్న చెప్పిన రెండు మాటలూ సరైనవే. రోడ్డు మీద పరీక్ష నేనే చెప్పాను కాబట్టి చెబుతున్నాను, ఖాళీ రోడ్డు దొరకకపోతే అది వదిలేసి కారును లిఫ్టు మీదికి తీసుకువెళ్ళడమే మేలు.

మలుపు పరీక్ష ఎందుకు తప్పుతుందో వివరిస్తాను. ముందు చక్రాల బేరింగు చిన్న కార్లలో ఎక్కువవాటికి రెండు వరుసల గుండ్లతో, సీలు వేసి వచ్చే ఒకే బిళ్ళ. బండి మలుపు తిరిగినప్పుడు బయటి వైపు చక్రం మీద బరువు పెరుగుతుంది. దానితో పాటు పక్కకు తోసే బలం కూడా పడుతుంది కాబట్టి రెండు వరుసలు ఆ భారాన్ని సమానంగా మోయవు. దెబ్బతిన్న వరుస మీద భారం పెరిగితే శబ్దం పెరుగుతుంది, భారం తగ్గితే తగ్గుతుంది. ఎక్కువ బండ్లలో బయటి చక్రమే మోగుతుంది, కొన్నింటిలో మాత్రం లోపలి వైపుది మోగుతుంది. కనుక మీ బండిలో అనుమానం కుడి వైపు మొదలు కావాలి గాని అక్కడితో తీర్పు అయిపోకూడదు.

ఇప్పుడు చేయవలసిన క్రమం. ముందు, ఒకే వైపున ముందు చక్రాన్ని వెనక్కి, వెనుక చక్రాన్ని ముందుకు మార్చండి. టైరు మీద తిరిగే దిశ బాణం గుర్తు ఉన్నా, ఒకే వైపు మార్పిడికి ఇబ్బంది లేదు. హోరు తన చోటు మార్చుకుంటే టైరుదే తప్పు. ఉన్నచోటే ఉంటే టైర్లు నిర్దోషులు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా నాలుగు టైర్లు కొనమని ఎవరు చెప్పినా వినకండి, నాకు ఈ విషయంలో చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే టైర్లు మార్చిన తరువాత కూడా అదే హోరుతో మా షెడ్డుకు వచ్చే కుటుంబాలను చూస్తున్నాను.

తరువాత బండిని సమతలం మీద నిలిపి, జాకీతో లేపి స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ‘ప్లే’ (వదులు కదలిక) ఉంటే బేరింగు గాని, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కింది బాల్ జాయింట్ గాని. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఆ కదలిక ఆగిపోతే బేరింగుది. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే స్టీరింగు రాడ్లను చూడాలి. ప్లే లేకపోయినంత మాత్రాన బేరింగు బాగున్నట్టు కాదు. ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. మోగే బేరింగుల్లో చాలావాటికి ప్లే రాకముందే లోపల గుంటలు పడి ఉంటాయి. అందుకని గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగును తాకుతూ, మరో చేత్తో చక్రాన్ని తిప్పండి. బాగున్న బేరింగైతే స్ప్రింగు నిశ్శబ్దంగా ఉంటుంది, చెడినదైతే సన్నని గరుకు కంపనం వేళ్ళకు అందుతుంది. వేళ్ళు స్ప్రింగు చుట్ల మధ్యకు పోనివ్వకండి.

లిఫ్టు మీద ఇంజనుతో చక్రాలు తిప్పి స్టెతస్కోపుతో వినే పద్ధతి ఉంది, దాన్ని వర్క్‌షాపుకే వదలండి. ఒక్క చక్రాన్నే గాలిలోకి లేపి తిప్పితే డిఫరెన్షియల్ వల్ల అది స్పీడోమీటరు చూపేదానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది. పైగా చక్రాలు వేలాడేటప్పుడు డ్రైవ్ షాఫ్టులు వంకర కోణంలోకి వెళ్ళి, బాగున్న సి.వి. జాయింట్ కూడా చప్పుడు చేస్తుంది.

అరండల్‌పేట అలైన్‌మెంట్:

చక్రాలు మార్చినప్పుడు వెనుక టైర్ల లోపలి అరుగుదల ముందుకు వస్తుంది, దానివల్ల కొంత కొత్త రొద వినిపించవచ్చు. పాత హోరు పోయిందా లేదా అన్నదే చూడండి, కొత్తది చేరిందని గాభరా పడకండి.

సింగ్‌నగర్ వాసి:

చక్రాలు మార్చి అదే దారిలో నడిపాను. హోరు కుడి వైపు ముందు చక్రం దగ్గరే ఉంది, స్థాయి మారలేదు. అరండల్‌పేట వారు చెప్పినట్టు సన్నని రొద కూడా చేరింది, అది గరుకు రోడ్డు మీద మారుతోంది కాబట్టి రెండింటినీ సులభంగా వేరు చేయగలిగాను. జాకీ మీద నాలుగు చక్రాల్లో దేనికీ ప్లే లేదు. కుడి ముందు స్ప్రింగు మీద వేళ్ళు పెడితే మాత్రం ఇసుక మీద ఏదో దొర్లుతున్నట్టు స్పష్టంగా తెలిసింది. ఎడమ ముందు స్ప్రింగులో చాలా స్వల్పంగా ఉంది, వెనుక రెండూ నిశ్శబ్దం.

ఈ వివరాలన్నీ కాగితం మీద రాసుకుని ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న షెడ్డుకు వెళ్ళి, పని మొత్తం దగ్గరుండి చూశాను. కుడి బేరింగు బయటికి వచ్చాక వారు సీలు ఊడదీసి చూపించారు. గ్రీజు పాలు ఎక్కువైన టీ రంగులో, నీరు కలిసిపోయి పల్చబడి ఉంది. తుడిచి చూస్తే రింగు మీద నల్లని మచ్చలు ఒకదానికొకటి సమాన దూరంలో వరుసగా ఉన్నాయి. వాటిలో రెండుచోట్ల లోహం పొరలుగా లేచి గోటికి తగులుతోంది. సమాన దూరంలో ఎందుకున్నాయో అక్కడివారికి తెలియలేదు, ఇక్కడ ఎవరైనా చెప్పగలరా? కొత్త బేరింగు వేశాక హోరు పూర్తిగా పోయింది.

మంగళగిరి లెక్చరర్:

ఆ మచ్చల మధ్య దూరం గుండ్ల మధ్య దూరంతో సరిపోయి ఉంటుంది. బండి కదలకుండా నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ గుండ్లు ఒకే చోట నిలిచి ఉన్నాయి. గుండు, రింగు తాకే సందులో గ్రీజు పొర అతి పల్చన, అక్కడ చేరిన నీరు లోహాన్ని తుప్పు పట్టించింది. అందుకే గుండు ఉన్నచోటల్లా ఒక మచ్చ. తరువాత బండి నడిచిన కొద్దీ ప్రతి గుండూ ఆ గుంటల అంచుల మీదుగా దొర్లి, కొన్నిచోట్ల అలసిన లోహం పొరలుగా ఊడింది. వరద తగ్గిన వెంటనే కాక ఇంతకాలం తరువాత శబ్దం మొదలు కావడానికి కారణం ఇదే.

ఆటోనగర్ మేస్త్రి:

బేరింగు సీళ్ళు చినుకులనూ బురద చిమ్మడాన్నీ ఆపుతాయి గాని, రోజుల తరబడి మునిగి ఉంటే నిలవవు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఆ వరదలో నిలిచిన బండ్లున్నవారు హోరు వినిపించేదాకా ఆగకుండా స్ప్రింగు పరీక్ష చేయించుకోవాలని గట్టిగా కోరుతున్నాను. అశ్రద్ధ చేస్తే ఆ బేరింగు వేడెక్కి, వదులై, చివరకు చక్రాన్ని బిగించే హబ్‌నే దెబ్బతీస్తుంది. దాని మీద పిల్లాపాపలు ప్రయాణం చేస్తారు.

పటమట ప్రయాణికురాలు:

మేస్త్రిగారూ, ఎడమ వైపుది స్వల్పంగా ఉందని సింగ్‌నగర్ వారు అన్నారు కదా, దాన్ని కూడా ఇప్పుడే మార్చాలా? అలాగే కొత్త బేరింగు సరిగ్గా వేశారో లేదో మామూలు యజమానికి ఎలా తెలుస్తుంది?

ఆటోనగర్ మేస్త్రి:

మామూలు బండి అయితే బేరింగులు జతగా మార్చాలనే నియమం ఏదీ లేదమ్మా, చెడినదాన్ని మార్చితే చాలు. ఈ బండి సంగతి వేరు: రెండు చక్రాలూ ఒకే నీటిలో ఉన్నాయి, ఎడమ స్ప్రింగులో గరుకు అప్పుడే మొదలైంది. నేనైతే దూర ప్రయాణం పెట్టుకోకముందే దాన్ని కూడా మార్చమంటాను. వెనుకవి ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్నాయి కాబట్టి ప్రతి సర్వీసులో తిప్పి చూడడం సరిపోతుంది.

పని సరిగ్గా జరిగిందో చూడాలంటే దగ్గర నిలబడి మూడు నాలుగు సంగతులు గమనించండి. బేరింగును నకిల్‌లోకి (దాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ భాగంలోకి) ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. హబ్‌ను బేరింగులోకి ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆనింపు ఉండాలి. సుత్తితో కొడుతుంటే వెంటనే ఆపించండి, ఆ దెబ్బలకు గుండ్లు రింగు మీద గుంటలు చేసి కొత్త బేరింగును ఆ రోజే పాడుచేస్తాయి. డిస్క్‌ను నొక్కి పట్టే బ్రేకు క్యాలిపర్‌ను దాని గొట్టానికి వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి. ఎ.బి.ఎస్. (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా బండ్లలో బేరింగు ఒక వైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది, ఆ వైపు సెన్సారుకు ఎదురుగా రావాలి. కంటికి రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి గుండుసూది దగ్గర పెట్టి ఏ వైపు అంటుకుంటుందో చూస్తాం. తిరగేసి వేస్తే డ్యాష్‌బోర్డు మీద ఎ.బి.ఎస్. దీపం వెలుగుతుంది, మళ్ళీ ప్రెస్సు చేయాలి, ఒకసారి ఊడదీసిన బేరింగు ఇక పనికిరాదు.

డ్రైవ్ షాఫ్టును హబ్‌కు బిగించే యాక్సిల్ నట్టు కొత్తదే వాడించండి. దాన్ని గాలి గన్నుతో బిగించి వదిలేయకుండా, కంపెనీ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన అంకెకు బిగింపు బలాన్ని చూపే టార్క్ రెంచితో బిగించాలి, అంచు నొక్కే రకం నట్టు అయితే ఆ అంచును షాఫ్టు గాడిలోకి నొక్కాలి. ఆ నట్టు బిగియకముందు చక్రాలను నేల మీద పెట్టి బండిని నెట్టకూడదు, బరువు పడితే కొత్త బేరింగు లోపలే దెబ్బతింటుంది. నకిల్‌ను స్ప్రింగు ఉండే స్ట్రట్ నుంచి విప్పి ఉంటే చివర్లో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) చూపించండి.

సింగ్‌నగర్ వాసి:

ఎడమ వైపు బేరింగు వచ్చే వారం మార్పిస్తున్నాను. నకిల్ విప్పారు కాబట్టి అదే రోజు అలైన్‌మెంట్ కూడా చేయిస్తాను. వెనుక టైర్ల లోపలి అరుగుదలకు వెనుక చక్రాల కోణం కారణమా అన్నది కూడా అప్పుడు తెలుస్తుంది, ఆ రీడింగులు ఇక్కడే పెడతాను.